కొండ, కుంచె, గొలుసు: నీటిరంగుల చరిత్రలో మన మెట్ట

ప్రకృతి వర్ణనకు అభ్యుదయ సాహిత్యంలో చోటుందా లేదా అన్న చర్చ మనకు కొత్తది కాదు. వెన్నెల గురించీ, వాన గురించీ కవులు రాసినదాన్ని పంక్తి పంక్తీ విప్పి చూశాం. కాని అదే కొండను, అదే బండరాతిని కాగితం మీదికి దించిన చిత్రకారుడి పనిని మాత్రం డ్రాయింగు మాస్టారి వ్యవహారమని పక్కన పెట్టేశాం. ఇది పొరపాటు. రాతిని నీటిరంగుల్లో వెయ్యడం నేర్చుకునేవాడు కుంచె తిప్పడంతో పాటు, ఎవరి కళ్ళతో ఆ రాతిని చూడాలో కూడా నేర్చుకుంటాడు. ఆ కళ్ళు మనకు ఎక్కడి నుంచి వచ్చాయి? ఏ అవసరం వాటిని తెచ్చింది? మన కొండల్లో అవి చూసిందేమిటి, చూడనిదేమిటి? కృష్ణా మెట్ట ప్రాంతాన్ని, ముఖ్యంగా నందిగామ, జగ్గయ్యపేటల్ని దృష్టిలో పెట్టుకుని ఈ ప్రశ్నల్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

ఇంగ్లండులో నీటిరంగుల ప్రకృతి చిత్రణకు ఆద్యుడిగా పాల్ శాండ్‌బీని చెబుతారు. ఆయన వృత్తి జీవితం సైన్యం కొలువులో మొదలైంది. 1745లో స్కాట్లండు కొండ ప్రాంతాల్లో తిరుగుబాటు లేచింది. దాన్ని అణిచివేశాక, ఆ కొండలు మళ్ళీ చెయ్యి జారిపోకుండా ఉండాలంటే వాటి ఆనుపానులు తెలియాలని ప్రభుత్వం 1747లో అక్కడ సైనిక సర్వే మొదలుపెట్టింది. శాండ్‌బీ ఆ సర్వేలో పటాలు గీసే ఉద్యోగి. ఆ తర్వాత 1768 నుంచి 1796 దాకా ఊలిచ్ సైనిక అకాడమీలో, ఫిరంగి దళానికీ ఇంజనీరు దళానికీ వెళ్ళే కుర్రవాళ్ళకు ఆయన బొమ్మలు నేర్పాడు. ఫోటో లేని రోజులవి. కోట ఏ గుట్ట మీద ఉందో, కనుమలో బండి పడుతుందో పట్టదో, ఏరు ఎక్కడ దాటవచ్చో చూసి కాగితం మీద దించగలిగినవాడే పనికొచ్చే అధికారి.

ఈ పనికి నూనెరంగు కుదరదు. ఆరడానికి రోజులు పడుతుంది. నీటిరంగు నిమిషాల్లో ఆరుతుంది. 1780 ప్రాంతంలో లండన్‌లోని రీవ్స్ సోదరులు, తడి కుంచె తగిలితే చాలు కరిగే రంగు బిళ్ళల్ని తయారుచేశారు. 1781లో అక్కడి కళల సంఘం వారికి బహుమతి ఇచ్చింది. రంగురాయిని నూరి బంక కలుపుకునే శ్రమ అంతటితో తప్పింది. గుర్రం జీనుకు తగిలించిన సంచిలో నాలుగు బిళ్ళలు, ఒక కుంచె, కొన్ని కాగితాలు ఉంటే ఏ కొండ ముందైనా కూర్చోవచ్చు. తూర్పు ఇండియా కంపెనీ అధికారుల సామానులో సర్వే గొలుసుతో పాటు ఈ పెట్టె కూడా మన దేశానికి వచ్చింది.

1794లో మద్రాసులో మైకేల్ టాపింగ్ ఆధ్వర్యంలో సర్వే బడి మొదలైంది. అందులో చేరినవాళ్ళు ఎక్కువమంది అనాథాశ్రమంలో పెరిగిన కుర్రవాళ్ళు, సైనికుల సంతానం. గొలుసు పట్టడం, కోణాలు కొలవడం, పటం గీయడం, దానికి పలచగా రంగు పూయడం వాళ్ళ చదువు. దక్షిణాదిన కంపెనీ తరఫున కొండను కాగితం మీద పెట్టిన తొలి చేతుల్లో వీళ్ళవి కూడా ఉన్నాయి. ఆ చేతులకు దక్కింది కూలి. కీర్తి దొరల ఖాతాలో పడింది.

కాలిన్ మెకంజీ అమరావతికి మొదటిసారి వచ్చింది 1798లో. చింతపల్లి నుంచి అమరావతికి తన నివాసం మార్చుకున్న వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అప్పటికే పట్నం కట్టిస్తున్నాడు. పక్కనే ఉన్న దీపాలదిన్నెలోని స్తూపం రాళ్ళు ఆ కట్టడాలకు తరలిపోతున్నాయి. ఈ నాయుడే బేతవోలు దగ్గర తన తండ్రి జగ్గన్న పేరు మీద కట్టించిన ఊరు మన జగ్గయ్యపేట. 1816లో మెకంజీ తన సర్వే బృందంతో మళ్ళీ వచ్చాడు. తర్వాతి రెండు మూడేళ్ళలో ఆయన చిత్రకారులు ఒక్కొక్క పలకనూ కొలిచి, సిరాతో గీతలు గీసి, లేత రంగు పూసి బొమ్మలు వేశారు. న్యూమన్, హామిల్టన్, ఆండర్సన్ వంటి పేర్లు ఆ కాగితాల మీద మిగిలాయి. ఆ సంపుటం ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మెకంజీకి ఈ నేల భాషల్నీ, శాసనాల్నీ, కైఫీయతుల్నీ అందించినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్న సంగతి మన సాహిత్య విద్యార్థులకు తెలిసిందే.

ఇక్కడ మనం ఒక వైరుధ్యాన్ని గుర్తించాలి. ఈ బొమ్మల వెనుక ఉన్న అవసరం పాలకుడిది. కొండ ఎత్తు, చెరువు విస్తీర్ణం, ఊరి రాబడి, గుడి శిల్పం అన్నీ ఒకే లెక్కలో భాగాలు. అయినా అమరావతిలో తర్వాత పగిలిపోయిన, సున్నపు బట్టీల పాలైన పలకల రూపురేఖలకు ఈ నీటిరంగు కాగితాలే ఈనాడు సాక్ష్యం. గొలుసుతో కొలిచిన కన్ను దోపిడీకి సేవ చేసిందని చెప్పి ఊరుకుంటే అర్ధసత్యమే చెప్పినవాళ్ళమవుతాం. అది ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం నేర్పింది. ఆ చదువు ఎవరి చేతిలో ఉంది, దేనికి వాడారు అన్నది వేరే ప్రశ్న. రెంటినీ కలిపి చూడడమే చారిత్రక దృష్టి.

2

ఆధునిక ఆంధ్ర చిత్రకళలో నీటిరంగులు ఒక సంప్రదాయంగా పాదుకున్నది రాజమండ్రిలో. 1909లో అక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. 1919లో స్వదేశానికి వెళ్ళిపోయేలోగా ఆయన దామెర్ల రామారావులోనూ, అడివి బాపిరాజులోనూ ఉన్న కళాకారుల్ని గుర్తుపట్టాడు. రామారావు బొంబాయి జె. జె. కళాశాలలో చదువుకుని వచ్చి, 1920ల మొదట్లో రాజమండ్రిలో చిత్రకళాశాల స్థాపించాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. అంత తక్కువ కాలంలో ఆయన సాధించిన విజయం ప్రధానంగా మానవ రూపంలో ఉంది. తెలుగు స్త్రీ నిలబడే తీరును, కూర్చునే తీరును ఆయన పట్టుకున్నాడు. గోదావరి దృశ్యాలు కూడా వేశాడు. అయితే ఆయన తర్వాత ఆ సంప్రదాయంలో కొండ ఎక్కువగా మనిషి వెనుక తెరలాగే మిగిలింది.

రెండో కేంద్రం మన కృష్ణా జిల్లాలోనే వెలసింది. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో 1920ల తొలి సంవత్సరాల్లో ప్రమోద కుమార ఛటర్జీ చిత్రకళ బోధించాడు. బాపిరాజు, కవుతా సోదరులు, గుర్రం మల్లయ్య వంటివారు ఆయన దగ్గర నేర్చుకున్నారు. బాపిరాజు ఆ తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాలు అయ్యాడు. ఛటర్జీ అవనీంద్రనాథ ఠాకూరు మార్గంలో నడిచినవాడు. ఆ మార్గంలో ముఖ్యమైనది వాష్ పద్ధతి. 1903లో జపాను చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చినప్పుడు వాళ్ళ పనితనం చూసి అవనీంద్రుడు దీన్ని తనదైన రీతిలో రూపొందించాడు. రంగు వేసి, ఆరనిచ్చి, కాగితాన్ని నీళ్ళలో తడిపి, మళ్ళీ రంగు వేస్తారు. అలా పలుమార్లు చేస్తే గీతలు మెత్తబడి, బొమ్మంతా మంచులో మునిగినట్టు కనిపిస్తుంది. ఛటర్జీ హిమాలయాల్లోనూ టిబెట్టులోనూ తిరిగివచ్చిన మనిషి. ఆ పొగమంచుకు ఆయన అనుభవంలో ఆధారం ఉంది.

వాష్ పద్ధతికి ఆనాడు ఒక రాజకీయార్థం కూడా ఉంది. దొర కట్టిన లెక్క నుంచి, దొర బళ్ళో నేర్పిన నూనెరంగు నుంచి విముక్తి పొందాలన్న జాతీయోద్యమ కాంక్ష దాని వెనుక ఉంది. కొలవడానికి వీలులేని కొండ పాలకుడికి లొంగని కొండ. ఆ విధంగా అది అభ్యుదయకరమైన అడుగే. కాని దానిలోనే దాని పరిమితి కూడా దాగి ఉంది. మంచులో కరిగిపోయిన కొండకు బరువు ఉండదు, పగులు ఉండదు, దాని మీద సమ్మెట వేసే మనిషి ఉండడు. హిమాలయానికి సరిపోయిన పొగమంచును తెలుగు నేల మీద పరిచినప్పుడు అది అలంకారంగా మారింది.

మన ప్రబంధ సాహిత్యంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. అష్టాదశ వర్ణనల్లో పర్వతం ఒకటి. పెద్దన ప్రవరుడు పసరు రాసుకుని హిమాలయానికి వెళ్ళాడు. మంచుకు పసరు కరిగిపోయి ఇంటిదారి లేకపోయింది. మన చిత్రకారుల్లోనూ చాలామంది అదే పసరు మీద ప్రయాణం చేశారు. తుమ్మపూడి సంజీవదేవ్ (1914–1999) విషయం మాత్రం వేరుగా చెప్పాలి. ఆయన హిమాలయ ప్రాంతాల్లో నిజంగా నివసించాడు. కులూ లోయలో రోరిక్ కుటుంబంతో స్నేహం చేశాడు. తెనాలి దగ్గర పల్లెటూరికి తిరిగివచ్చి, చూసినదాన్ని చిన్న చిన్న కాగితాల మీద రంగుల్లోనూ, తెలుగు వచనంలోనూ పెట్టాడు. కొండ గురించి చిత్రకారుడి కంటితో ఆలోచించిన తెలుగు వచన రచయితల్లో ఆయనది ప్రత్యేక స్థానం. అయితే ఆయన కొండ ధ్యానానికి కొండ. దాని మీద బతికే మనిషికి కొండ ఏమిటన్న ప్రశ్న ఆయన వేసుకున్నది కాదు. ఆ ప్రశ్న మనం వేసుకోవాలి.

3

ఇప్పుడు మన మెట్టకు వద్దాం. 2022 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పేరు మారినా రాయి మారలేదు. జగ్గయ్యపేట వైపు, కృష్ణ ఒడ్డున వేదాద్రి, ముక్త్యాల దాకా సున్నపురాయి నేల. ఏరు ఎదుటి గట్టున పలనాటి రాయి ఇదే. పలకలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. నందిగామ దాటి కొండపల్లి వైపు వెళితే రాయి స్వభావం మారిపోతుంది. అక్కడిది నల్లని, బిరుసైన, చాలా పాతకాలపు రాయి. పొరలుగా లేవదు, గుండ్లుగా పగులుతుంది. ఒకే రోడ్డు మీద యాభై అరవై కిలోమీటర్లలో రెండు రకాల భూచరిత్ర కనిపించే ప్రాంతం మనది.

ఈ సున్నపురాయి కళకు కొత్తది కాదు. జగ్గయ్యపేట దగ్గర ధనబోడు అనే గుట్ట మీద ఉన్న బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మబ్బుల నుంచి నాణేలు వర్షిస్తుంటే రాజు చెయ్యెత్తి నిలబడతాడు. రాజుగారి మహిమకు అది చిహ్నం. అక్కడే దొరికిన మరో రాయి మనకు అంతకన్నా విలువైనది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటి, అంటే క్రీ. శ. మూడో శతాబ్దపు ప్రాకృత శాసనం అది. నాగచంద్రుడి కొడుకు సిద్ధార్థుడు అనే శిల్పకారుడు తల్లినీ, భార్యనీ, బిడ్డల్నీ, తమ్ముణ్ణీ పేరు పేరునా చెప్పుకుని, సర్వప్రాణుల మేలు కోసం వెలగిరి మీద మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టానని చెక్కించాడు. తండ్రీ కొడుకులిద్దరూ వృత్తిరీత్యా 'ఆవేసని'లు, చేతిపనివాళ్ళు. రాజు పేరు తేదీ కోసం వచ్చింది. దాత పేరు పనివాడిది. ఆ గుట్టకు వెలగిరి అనే పేరుండేదని మనకు చెప్పినవాడు రాతి పని చేసే కుటుంబంలో పుట్టినవాడు.

ఆ తర్వాత పదిహేడు వందల ఏళ్ళలో ఈ రాయి ఎన్నో రూపాలెత్తింది. స్తూపమైంది, కోట గోడైంది, గడప బండైంది, బట్టీలో కాలి సున్నమైంది. మన కాలంలో సిమెంటైంది. ఇంత చరిత్ర ఉన్న రాతిని మన చిత్రకారులు తమ ప్రధాన వస్తువుగా తీసుకోలేదు. మన బళ్ళలో పిల్లల్ని కొండ గియ్యమంటే ఏం గీస్తారో ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. మూడు త్రికోణాలు, రెంటి మధ్య ఉదయించే సూర్యుడు, కిందికి పాము మెలికలా ఏరు, ఒడ్డున గుడిసె, కొబ్బరిచెట్టు. కిటికీలోంచి చూస్తే కనిపించే గుట్ట అడ్డంగా పరుచుకుని, పొరలుగా, తుమ్మచెట్లతో ఉంటుంది. పిల్లవాడు మాత్రం తాను ఎన్నడూ చూడని మంచుకొండ గీస్తాడు. క్యాలెండరు నేర్పిన కొండ అది. పిల్లవాడి తప్పు ఇందులో లేదు. తన ఊరి గుట్ట బొమ్మకు పనికివస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

4

మరి రాతిని వెయ్యడం ఎలా నేర్చుకోవాలి? ఇది కేవలం సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది. అలా వదిలెయ్యడానికి వీలులేదు.

చైనాలో 1679లో వెలువడిన 'ఆవగింజ తోట' చిత్రలేఖన గ్రంథం, రాతికి మూడు ముఖాలుంటాయని మొదటే నేర్పుతుంది. వెలుగు పడే పైముఖం, పక్కముఖం, నీడ ముఖం తెలియనిదే రాయి కాగితం మీద బరువు తూగదు. ఒక్కొక్క జాతి రాతి పైపొరకు ఒక్కొక్క రకం కుంచె విసురును ఆ సంప్రదాయం పేరు పెట్టి వర్గీకరించింది. ఇంగ్లండులో రస్కిన్ 1857లో రాసిన చిత్రలేఖన పాఠాల్లో, దారిలో దొరికిన గుండ్రాయిని ముందు గియ్యమన్నాడు. చిన్న రాయి వెయ్యగలిగినవాడికి కొండ లొంగుతుందని ఆయన నమ్మకం. పగులు, అరుగుదల, పొర అనే మూడు లక్షణాలూ గులకరాతిలోనూ ఉన్నాయి, కొండలోనూ ఉన్నాయి.

మన రాతికి ఈ పాఠాలు అన్వయించి చూడాలి. నీటిరంగుల్లో తెలుపు అంటే కాగితమే. వెలుగు పడే చోటును ముందే వదిలిపెట్టాలి, తర్వాత తెచ్చుకోలేం. మన మెట్ట మీద మిట్టమధ్యాహ్నం వెలుగు ఆకాశం నుంచే కాక నేల నుంచి కూడా కొడుతుంది. తెల్లని సున్నపునేల కాంతిని తిప్పికొట్టడం వల్ల నీడలో కూడా వెచ్చదనం కనిపిస్తుంది. పుస్తకాల్లో చెప్పిన నల్లని నీడ ఇక్కడ అబద్ధమవుతుంది. నీలానికి కాస్త జేగురు చాయ కలిపితే వచ్చే బూడిదరంగు మన రాతికి దగ్గరగా ఉంటుంది. పొరల సందుల్ని సన్నని కుంచెతో అడ్డంగా, తెగుతూ తెగుతూ పోయే గీతలతో పట్టుకోవాలి. గరుకుతనానికి పొడి కుంచెను కాగితం మీద పక్కవాటుగా ఈడ్చాలి. వాన పడ్డ రోజున ఇదే రాయి రంగు ముదురుతుంది. కొండపల్లి వైపు గుండ్లకు ఈ గీతలు పనికిరావు, అక్కడ గుండ్రని అంచులు, లోతైన పగుళ్ళు. వైశాఖ మాసపు ఎండలో పూసిన రంగు పారకముందే ఆరిపోతుంది. మంచుదేశపు పుస్తకం చెప్పిన తడి పద్ధతి ఇక్కడ తెల్లవారుజామునే సాగుతుంది. పద్ధతి ఎప్పుడూ నేలను బట్టి మారవలసిందే అనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన పాఠం క్వారీలో ఉంది. రాయి ఏ వాటున చీలుతుందో చిత్రకారుడి కంటే ముందు రాయి కొట్టేవాడికి తెలుసు. సమ్మెట వేసేముందు అతను బండ చుట్టూ తిరిగి, తట్టి, శబ్దం విని, ఈనె చూసి శానం పెడతాడు. పొర ఎటు వాలి ఉందో, ఎక్కడ డొల్ల ఉందో చెబుతాడు. ఆ జ్ఞానం తరతరాల చాకిరీలో గడించినది. కూల్డ్రే గారికీ ఛటర్జీ గారికీ శిష్యులున్నారు, వాళ్ళ పేర్లు చరిత్రలో ఉన్నాయి. రాతి గురించి ఇంత తెలిసిన వడ్డెర పనివాణ్ణి గురువుగా ఎంచిన కళాశాల మనకు లేదు. అతను చిత్రంలో వస్తువుగా వస్తే సరిపోదు, చిత్రకారుడి కంటికి శిక్షణ ఇచ్చేవాడుగా రావాలి. మనం రాతిని వెయ్యడం పూర్తిగా నేర్చుకోలేకపోవడానికి ఈ లోటే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. కొండను వేసేటప్పుడు దాని పక్కన కూలివాణ్ణి నిలబెడితే అది అభ్యుదయ చిత్రమైపోతుందా అని. ఖచ్చితంగా కాదు. మన కథల్లో అలా నిలబెట్టిన కూలివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ప్రాణం లేదు. మనిషి ఒక్కడూ కనిపించని కాగితంలో కూడా తవ్విన అంచు సూటిగా తెగి ఉండడం, వానకు అరిగిన అంచు వంకర తిరిగి ఉండడం గమనించి వేస్తే, ఆ తేడాలోనే శ్రమ కనిపిస్తుంది. గునపం పడిన చోటుకూ గాలి ఒరిసిన చోటుకూ తేడా తెలియని చిత్రకారుడు ఎంతమంది కార్మికుల్ని వేసినా ప్రయోజనం లేదు. వస్తువు, రూపం రెండు వేరు వేరు కాదని మనం సాహిత్యంలో ఇంతకాలం చెబుతున్నది ఇదే.

ఈ పనికి వ్యవధి ఎక్కువ లేదు. సున్నపురాయికి పనివాళ్ళు కావాలి, పనివాళ్ళకు కూలి కావాలి. సిమెంటు వద్దని చెప్పే హక్కు సిమెంటు కప్పు కింద చదువు చెప్పే ఉపాధ్యాయుడికి లేదు. కాని గుట్ట ఒకసారి తరిగిపోతే తిరిగి రాదు. అమరావతిలో పోయిన పలకల్ని రెండు వందల ఏళ్ళ కిందట జీతానికి పనిచేసిన సర్వే కుర్రవాళ్ళ బొమ్మలు కొంతైనా కాపాడాయి. మన ఊళ్ళ చుట్టూ తరుగుతున్న గుట్టలకు అలాంటి సాక్ష్యం ఎవరు తయారుచేస్తున్నారు? ఫోటో ఉంది కదా అనవచ్చు. ఫోటో క్షణంలో అయిపోతుంది. రెండు గంటలు ఒక బండ ముందు కూర్చున్నవాడికి దాని పొరలు, పగుళ్ళు, దాని పక్కన పనిచేసేవాళ్ళ మాటలు కూడా తెలుస్తాయి. కాగితం మీద మిగిలేది బొమ్మ, మనిషిలో మిగిలేది ఎరుక.

రచయితలూ, సాహిత్య విద్యార్థులూ దీన్ని తమకు సంబంధించని విషయంగా భావించకూడదు. 'కొండ' అని రాసి, దానికి 'మహోన్నతమైన' అనో 'నీలి' అనో విశేషణం తగిలించి ముందుకు సాగిపోయే వచనం క్యాలెండరు త్రికోణానికి తోబుట్టువే. నాపరాయి, బండ, గుండు, గుట్ట, బోడు, దిన్నె, తిప్ప అని మన భాషలో ఇన్ని మాటలున్నాయంటే, ఈ నేల మీద పనిచేసినవాళ్ళు ఇన్ని తేడాలు చూశారన్నమాట. ఒక్కొక్క మాటా ఒక్కొక్క కుంచె విసురు. వాటిని వాడడం మానేసిన రచయిత ఆ తేడాల్ని చూడడం కూడా మానేస్తాడు.

మెట్ట ప్రాంతపు బళ్ళలో ఏడాదికి ఒక్క రోజు పిల్లల్ని ఊరి గుట్ట దగ్గరికి తీసుకువెళ్ళి, పదిరూపాయల రంగు బిళ్ళలతోనైనా సరే, ఎదురుగా ఉన్న రాతిని వెయ్యమనడం అసాధ్యమేమీ కాదు. రాయి కొట్టే పెద్దమనిషి ఒకరిని పిలిచి, ఈ బండ ఏ వాటున చీలుతుందో పిల్లలకు చెప్పమని అడగవచ్చు. బొమ్మ కింద పిల్లవాడి పేరుతో పాటు ఆ గుట్ట పేరు, ఆ రాతి పేరు, పాఠం చెప్పిన ఆ పనివాడి పేరు రాయించాలి. సిద్ధార్థుడు వెలగిరి మీద తన పేరూ, తనవాళ్ళ పేర్లూ, కొండ పేరూ చెక్కించాడు. అంతకంటే మంచి ఒరవడి మనకు అక్కరలేదు.